హైస్కూలు మొదటి సంవత్సరము - తల్లిదండ్రులకు చెప్పవలసిన మాట

ప్రతి సంవత్సరము జూన్ మాసమున వేసవి సెలవులు ముగిసి పాఠశాలలు తెఱచినప్పుడు, 5వ తరగతి పూర్తిచేసికొని హైస్కూలులో క్రొత్తగా నడుగిడు బాలబాలికలను చూచుట ఉపాధ్యాయులకు వేడుక. క్రొత్త సంచులు, క్రొత్త బట్టలు, కొంత సంతోషము, కొంత బెదురు. ఆ పిల్లలకు పాఠశాల యావరణము, గంట, ఉపాధ్యాయుల పేర్లు నెల దినములలో నలవాటగును. కాని వారిని గుమ్మమువఱకు తోడితెచ్చి వెనుదిరిగిపోయిన తల్లిదండ్రుల సంగతి యేమి? ఆ గుమ్మము లోపల నేమి జరుగుచున్నదో వారికెవరు తెలుపుదురు? ఎప్పుడు తెలుపుదురు? ఏ రీతిని తెలుపుదురు? ఈ ప్రశ్నలను గుఱించి మా యభిప్రాయమును ఈ సంచికలో చదువరుల యెదుట నుంచదలచితిమి.

మా యభిప్రాయము క్లుప్తముగ నిది. హైస్కూలు మొదటి సంవత్సరమున పాఠశాలనుండి తల్లిదండ్రులకు చేరు మొదటి మాట పిల్లవాని తప్పును గుఱించినది గాని, ఫీజును గుఱించినది గాని కాకూడదు. ఆ మాట ముందుగా చేరవలెను, నోటిమాటగా చేరవలెను, పిల్లవాని చేతికిచ్చి పంపిన కాగితముగాక, పెద్దలు పెద్దలతో కూర్చుండి చెప్పుకొనిన మాటయై యుండవలెను. ఇట్లు చేయుట తల్లిదండ్రులపట్ల చూపు దయ కాదు. అది పాఠశాలయొక్క విధి.

ఈ విధి మొదటి సంవత్సరముననే యింత ముఖ్యమగుటకు కారణము గలదు. పూర్వము మద్రాసు రాజధానిలో ఈ 6వ తరగతిని మొదటి ఫారమని పిలుచుచుండిరి. పేరు మాఱినది గాని, అది పిల్లవాని జీవితములో నొక పెద్ద మలుపు అను సంగతి మాఱలేదు. ప్రాథమిక పాఠశాలలో వానికి తెలుగు, ఇంగ్లీషు, గణితము, పరిసరాల విజ్ఞానము అను నాలుగు విషయములు మాత్రమే. చాలచోట్ల వానిని ఒకరిద్దఱు ఉపాధ్యాయులే బోధింతురు. ఆ పంతులమ్మగారికి పిల్లవాని యిల్లు తెలియును; తల్లి పేరు తెలియును; నిన్న వాడు అన్నము తినకుండ వచ్చెనా, జ్వరముతో వచ్చెనా యను సంగతియు ముఖము చూచి తెలిసికొనును. 6వ తరగతిలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు, గణితము, సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రము అని విషయములు ఆఱగును. ఉపాధ్యాయులును విషయమునకొకరు చొప్పున ఆఱుగురగుదురు. గంట గంటకు నొకరు వచ్చుచు, నొకరు పోవుచుందురు.

కాలముకూడ పెరుగును. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 1 మొదలు 5 వఱకు గల తరగతులకు సంవత్సరమునకు 200 పనిదినములును 800 బోధనాగంటలును, 6 మొదలు 8 వఱకు గల తరగతులకు 220 పనిదినములును 1,000 బోధనాగంటలును కనీసముగా నేర్పఱచినది. అనగా ఒక్క వేసవి గడచుసరికి పదునొకండేండ్ల పిల్లవానిపై సంవత్సరమునకు 20 దినములు, 200 గంటలు అధికముగా పడుచున్నవి. నాలుగు విషయములకు బదులు ఆఱు విషయములు, పరిచయమైన యొక ముఖమునకు బదులు పరిచయము లేని యాఱు ముఖములు, పొరుగున నున్న బడికి బదులు రెండు మూడు మైళ్ల దూరమున నున్న బడి - ఇవన్నియు నొక్క జూన్ మాసముననే వచ్చి పడును.

దీని ఫలమేమనగా, నిన్నటివఱకు పిల్లవానిని సంపూర్ణముగా నెఱిగిన మనుష్యు డొకడైనను బడిలో నుండెను. నేడు ఆఱుగురు వానిని చూచుచుందురు గాని, ఒక్కొక్కరికి వానిలో నాఱవ పాలు మాత్రమే కనబడును. గణితములో మౌనముగా నుండువాడు తెలుగు పద్యమును రాగముతో చదువునని గణితోపాధ్యాయునకు తెలియదు. ఇంటిలో తల్లికి పిల్లవాని మిగిలిన సగము తెలియును గాని, బడిలోని సగము తెలియదు. ఈ రెండు తెలివిడులును కలిసినప్పుడే పిల్లవాడు పూర్తిగా తెలియును. కలుపు బాధ్యత యెవరిది? బడి యెక్కడిదో, దానిలో నెవరిని చూడవలెనో యెఱుగని కూలితల్లిదా? గుమ్మము తెఱచి కూర్చున్న పాఠశాలదా? పాఠశాలదే యని మా తీర్మానము.

తెలియజేయకపోవుటచే కలుగు నష్టమునకు చిన్న యుదాహరణము చాలును. 6వ తరగతితోనే మన పిల్లలకు హిందీ యారంభమగును. తెలుగు, ఇంగ్లీషులను వారు ఐదేండ్లుగా చదువుచున్నారు. హిందీలో అక్షరములు దిద్దుటయే యిప్పుడు మొదలు. మొదటి పరీక్షలో మార్కులు తగ్గుట సహజము. ఈ సంగతి ముందుగా నెఱుగని తండ్రి మార్కుల కాగితమును చూచి, మిగిలిన విషయములతో దీనిని పోల్చి, "హైస్కూలుకు పోయి చెడిపోయినాడు" అని తలంచును. కొందఱు కొట్టుదురు. "ఇది వానికి క్రొత్త భాష, అక్షరములే నేర్చుకొనుచున్నాడు, సంక్రాంతి నాటికి కుదురుకొనును" అని జూన్ మాసములో నొక్క మాట చెప్పియుండినచో ఆ దెబ్బలు పడకపోవును. అట్లే కాగితముపై 14 అను అంకె కనబడిన యెడల అది ఇరువదింటికో, ఏబదింటికో, నూటికో తల్లికి తెలియదు. ఏది నెలనెల జరుగు చిన్న పరీక్షయో, ఏది సంవత్సరములో పెద్ద పరీక్షయో తెలియదు. తెలియని యంకె భయమును మాత్రమే కలిగించును.

లూకా సువార్త రెండవ అధ్యాయములోని వృత్తాంతము మన పాఠశాల పిల్లలందఱును విన్నదే. పండ్రెండేండ్ల బాలుడైన యేసు పండుగకు తల్లిదండ్రులతో యెరూషలేమునకు వెళ్లెను. తిరుగు ప్రయాణమున, బాలుడు గుంపులో నెక్కడనో యున్నాడని తలంచి వారొక దినప్రయాణము సాగిపోయిరి. తరువాత బంధుమిత్రులలో వెదకి, కానక, మరలి వచ్చి, మూడు దినములకు దేవాలయములో బోధకుల నడుమ నతనిని కనుగొనిరి. మరియ యోసేపులు అజాగ్రత్తగలవారు కారు. పిల్లవాడు గుంపులో నున్నాడను నమ్మకమే వారిని ఏమఱపాటున బడవేసినది. మన 6వ తరగతి పిల్లవానికిని పదునొకండు పండ్రెండేండ్లే. "బడికి పోవుచున్నాడు, అందఱితో నున్నాడు" అను నమ్మకముతో మన తల్లిదండ్రులు ఒక దినము కాదు, ఒక సంవత్సరము ప్రయాణము చేయుచున్నారు. బోధకులమైన మేమును ఆ కథనుండి నేర్చుకొనవలసినది గలదు. పిల్లవాని ప్రశ్నలకును ఉత్తరములకును ఆశ్చర్యపడుటతో బోధకుని పని ముగియదు, "నాయనా, నీ తల్లిదండ్రులెక్కడ?" అని యడుగుటయు వాని పనియే.

ఇక సంగతులు ప్రస్తుతము తల్లిదండ్రులకు చేరుచున్న మార్గములను పరిశీలింతము. అవి మూడు: పిల్లవాని నోరు, కాగితము, ఫోను.

పిల్లవాని నోటినుండి వచ్చు వార్త మిక్కిలి కుఱచ. "బడి ఎట్లున్నదిరా?" అని తల్లి యడిగిన, "బాగున్నది" అనును; అంతటితో ముగియును. వాడు అబద్ధమాడుట లేదు. ఆఱుగురు ఉపాధ్యాయులు, క్రొత్త పిల్లలు, క్రొత్త భయములు - వీనిని చెప్పుటకు పదునొకండేండ్ల వానికి మాటలు చాలవు. మఱియు తన బాధ చెప్పినచో తల్లి దుఃఖపడునని, బడి మాన్పింతురని శంకించి దాచుకొను పిల్లలును గలరు.

కాగితము సంగతి యింతకంటె చిత్రము. 2011వ సంవత్సరపు జనగణన ప్రకారము నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఏడేండ్లు మొదలుకొని పై వయస్సు వారిలో నూటికి సుమారు 67గురు మాత్రమే అక్షరాస్యులు. స్త్రీలలో నూటికి సుమారు 59గురు. నాటినుండి నేటివఱకు స్థితి కొంత బాగుపడియుండునని తలంచినను, మా బడులకు వచ్చు పిల్లల తల్లులలో ఎందఱో యీ నోటీసును చదువలేరు. చదువలేనని పదిమంది ముందు చెప్పుకొనుటకు ఏ తండ్రియు నిష్టపడడు. కాగితమును మడచి జేబులో పెట్టుకొనును. లేదా, "ఏమి వ్రాసినారురా, చదువు" అని పిల్లవానికే యిచ్చును. తన మీది ఫిర్యాదును తానే తండ్రికి చదివి వినిపింపవలసిన పిల్లవాడు దానిని ఏ రీతిని చదువునో మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. వ్రాసినవారు తెలియజేసితిమనుకొందురు, తండ్రి తెలిసికొంటిననుకొనును, నిజము మాత్రము నడిదారిలో నిలిచిపోవును.

ఇప్పుడు వాట్సాపు వచ్చినది. దాని ప్రయోజనమును మేము కాదనము. రేపు సెలవని, ఎల్లుండి పరీక్ష యని తెలుపుటకు అది చక్కని సాధనము. కాని ఇంటికొక్క ఫోనున్నచో అది సామాన్యముగా తండ్రి జేబులో పనిస్థలమున నుండును. రాత్రి యింటికి వచ్చినప్పుడు అది పిల్లవాని చేతికి పోవును; వానికి ఇష్టము కాని కబురు చెఱపబడుట యొక నిమిషము పని. మఱియొక అనర్థముకూడ గలదు. కొన్ని తావుల తరగతి బృందమంతయు చూచుచుండగా ఫీజు బాకీయున్న పిల్లల పేర్లను, తక్కువ మార్కులు వచ్చిన పిల్లల పేర్లను పంపుచున్నారు. పూర్వము సంతలో దండోరా వేయించిన దానికిని దీనికిని భేదమేమి? ఏ పిల్లవాని మార్కులును, ఏ కుటుంబముయొక్క బాకీయును నలుగురు చూచు చోట వ్రాయకూడదని మా దృఢమైన అభిప్రాయము. తల్లికి చెప్పుట వేఱు, తల్లిని తలవంచుకొనజేయుట వేఱు.

కావున నోటిమాటకు మించిన సాధనము లేదు. చట్టముకూడ ఈ మాటనే చెప్పుచున్నది. విద్యాహక్కు చట్టములోని 24వ విభాగము ఉపాధ్యాయుని విధులను లెక్కించుచు, తల్లిదండ్రులతో క్రమముగా సమావేశములు జరుపుట, పిల్లవాని హాజరు, నేర్చుకొను శక్తి, అభివృద్ధి మొదలగు సంగతులను వారికి తెలుపుట అను వానిని విధులలో చేర్చినది. ఈ చట్టము అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు వర్తింపదని 2014వ సంవత్సరమున సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ తీర్పును మరల పరిశీలింపవలెనను ప్రశ్న 2025లో ఆ న్యాయస్థానముననే పుట్టినది. ఆ వాదమును న్యాయవాదులకు విడుతము. చట్టము కట్టినను కట్టకపోయినను, పిల్లవాని సంగతి తల్లికి తెలుపవలెనను ధర్మము మిషన్ పాఠశాలను కట్టకమానదు.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2024 డిసెంబరు 7వ తేదీన, మరల 2025 జూలై 10వ తేదీన రాష్ట్రమంతట పాఠశాలలలో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మహాసమావేశములను జరిపించినది. ఇది ప్రశంసింపదగిన పని. ఈ రెండు తేదీలలో రెండవదే మేలైనదని మా తలంపు. డిసెంబరునాటికి సంవత్సరము సగము గడచిపోవును. అప్పటికి చెడవలసినది చెడియుండును. జూలై సమావేశము బడులు తెఱచిన నెలలోపలనే జరిగినది. మొదటి మాట మొదటనే చేరుటకు అది తగిన కాలము. అయినను పండుగనాటి భోజనము ఏడాది ఆకలిని తీర్పదు. రంగవల్లులును ఉపన్యాసములును గల ఆ దినమున తల్లి తన పిల్లవానిని గుఱించి యొక్క ప్రశ్న యడుగుటకు ధైర్యము చాలక, చప్పట్లు కొట్టి యింటికి పోవచ్చును. పెద్ద సభ యుండవలెను. దానితోపాటు పది నిమిషముల చిన్న మాటయు నుండవలెను.

ఆ పది నిమిషములలో నేమి చెప్పవలెను? మొదట, పిల్లవానిలోని యొక మంచిని చెప్పవలెను. "అమ్మా, మీ అబ్బాయి దస్తూరి ముచ్చటగా నున్నది" అని పంతులుగారు చెప్పగా విన్న తల్లి, మఱునాడు కష్టమైన సంగతిని చెప్పినను వినును. పిమ్మట, ఏ కష్టము వచ్చినను ఎవరిని చూడవలెనో ఆ యొక్క తరగతి ఉపాధ్యాయుని పేరును చెప్పవలెను. ఆఱుగురి పేర్లు చెప్పిన నొక్కటియు జ్ఞాపకముండదు. విషయములేవో, హిందీ క్రొత్తదని, పరీక్షలేవో, మార్కులు ఎన్నింటికో చెప్పవలెను. 

ప్రవేశ పుస్తకములో వ్రాసిన పేరును, ఇంటిపేరును, పుట్టిన తేదీని చదివి వినిపింపవలెను. ఇది చిన్న పని వలె తోచును గాని, 10వ తరగతి ధ్రువపత్రములో పడునది ఈ పుస్తకములోని పేరే, ఈ పుస్తకములోని తేదీయే. ఒక్క అక్షరము తప్పినచో, ఉద్యోగమునకు పోయిననాడు గాని తెలియదు. నాడు దిద్దించుకొనుటకు కచేరీల చుట్టు తిరుగవలసివచ్చును. 6వ తరగతిలో తల్లి చెవిని వేసిన యొక నిమిషము ఆ తిరుగుడును తప్పించును.

ముందునకు రాబోవు మేలునుకూడ చెప్పవలెను. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో చదువు బీదపిల్లలకు 8వ తరగతిలో జరుగు జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్షలో నెగ్గినవారికి 9వ తరగతి మొదలు నాలుగేండ్లు సంవత్సరమునకు 12,000 రూపాయలు లభించును. పరీక్ష దరిదాపులకు వచ్చినప్పుడు ఈ సంగతి విన్న తండ్రి ఆదాయ ధ్రువపత్రముకొఱకు పరుగులెత్తును. రెండేండ్లు ముందుగా విన్న తండ్రి పిల్లవానిని సిద్ధపఱచును.

ఆడపిల్లల తల్లులతో ఉపాధ్యాయిని వేఱుగ మాటలాడవలెను. ఈ తరగతులలోనే బాలికలు పెద్దమనుష్యులగుదురు. అట్టి సమయమున అనేక గృహములలో "ఇక చదువు చాలును" అను మాట పుట్టును. బడిలో ఆడపిల్లలకు వేఱుగ మరుగుదొడ్డి యున్నదా, దానిలో నీళ్లున్నవా, పిల్ల యకస్మాత్తుగా నిబ్బందిపడినచో చెప్పుకొనుటకు స్త్రీ యెవరైన నున్నదా, సాయంకాలము ఎవరితో కలిసి యిల్లు చేరును - ఇవి ఆ తల్లి మనస్సులోని ప్రశ్నలు. సిగ్గుచేత నామె యడుగదు. అడుగకమునుపే చెప్పిన పాఠశాల ఒక బాలిక చదువును నిలుపగలదు. మేము ఈ వ్యాసములో చెప్పు మాటలన్నింటిలో దీనిని ముఖ్యమైనదిగా నెంచుచున్నాము.

దండనను గుఱించికూడ స్పష్టముగా చెప్పవలెను. "కన్నులు మాత్రము మాకు విడిచి, చర్మము ఒలిచినను సరే, చదువు చెప్పండి" అని యుపాధ్యాయులతో చెప్పు తండ్రులు నేటికిని గలరు. అది నమ్మకముతో చెప్పిన మాటయే. కాని పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను చట్టములోని 17వ విభాగము నిషేధించినది. "మేము కొట్టము, మీరును కొట్టకుడు, వాడు తప్పు చేసిన మీకు చెప్పుదుము, కలిసి దిద్దుదము" అని మొదటి దినముననే యొప్పందము చేసికొనవలెను.

ఎవరితో మాటలాడవలెనను ప్రశ్నయు గలదు. ప్రతి పిల్లవానికిని ఇంటిలో తల్లియు దండ్రియు నుందురని తలంపరాదు. కర్నూలు పడమటి గ్రామములనుండి కుటుంబములు కుటుంబములే పత్తి యేరుటకును మిరపకాయలు కోయుటకును గుంటూరు ప్రాంతమునకు వలసపోవుచుండుట అందఱెఱిగినదే. అట్టి యిండ్లలో పిల్లవాడు అవ్వ దగ్గఱ విడువబడును. ఆ నాలుగు నెలలు అవ్వయే తల్లియు దండ్రియు. "ఇంటిలో నీ మంచిచెడ్డలు చూచువారెవరు?" అని పిల్లవాని నడిగి, ఆ మనుష్యునితోనే మాటలాడవలెను. మఱియు పొలములో దినకూలి చేయు తల్లిని ఉదయము పది గంటలకు బడికి రమ్మనుట, ఆమె ఒక దినపు కూలిని విడిచిపెట్టుమనుటయే. సాయంకాలము దీపాల వేళ ఉపాధ్యాయుడే పేటకు పోయి అరుగుపై కూర్చుండినచో పది యిండ్ల వారితో నొకనాడే మాటలాడవచ్చును. ఇది క్రొత్త మార్గము కాదు. మా మిషన్లలో వెనుకటి మిషనరీలును బైబిలు స్త్రీలును నడచిన మార్గమే. కాళ్లకు దుమ్ము అంటకుండ వారెవరును జనుల మనస్సులను చేరలేదు.

దీనికి చెప్పబడు ఆక్షేపణలు రెండు. మొదటిది, ఉపాధ్యాయులకు తీఱిక లేదని. నిజమే, బోధనకు తోడు లెక్కలు, పట్టికలు, ఫోనులో నింపవలసిన వివరములు నానాటికి పెరుగుచున్నవి. అయినను లెక్క వేసి చూతము. తరగతిలో 45గురు పిల్లలున్నారనుకొందము. తరగతి ఉపాధ్యాయుడు దినమునకు ఇద్దఱి పెద్దలతో పదేసి నిమిషములు మాటలాడినచో 23 పనిదినములలో అందఱితోను మాటలాడినట్లగును. జూన్‌లో నారంభించిన పని జూలై మాసములో ముగియును. దినమునకు 20 నిమిషములు! తరువాత సంవత్సరమంతయు వచ్చు తగవులకును, బుజ్జగింపులకును, మానివేసిన పిల్లలను వెదకుటకును పట్టు కాలముతో పోల్చిన ఇది స్వల్పము. ఈ 20 నిమిషములను ఉపాధ్యాయునికి కల్పించుట హెడ్మాస్టరుగారి బాధ్యత. ఆ మేరకు వేఱొక పనిని తగ్గింపవలెను.

రెండవది, తల్లిదండ్రులకు శ్రద్ధ లేదని. ఈ మాటను మేము అంగీకరింపము. అప్పు చేసి పుస్తకములు కొన్నవారికి శ్రద్ధ లేదందుమా? వారికి లేనిది శ్రద్ధ కాదు, ధైర్యము. చిన్ననాట తాము బడిలో పడిన అవమానము వారికింకను జ్ఞాపకమున్నది. అందుచేత చెప్పులు వెలుపల విడిచి, ఆఫీసు గుమ్మము ప్రక్కన నిలువబడి, ఎవరైన పలుకరింతురేమోయని చూచి, వెడలిపోవుదురు. వారికి కావలసిన మొదటి సమాచారము ఒక కుర్చీ. కూర్చుండుమని చెప్పిన తరువాత చెప్పిన మాటయే చెవి కెక్కును.

చెప్పుటకును హద్దు గలదని మఱవరాదు. పిల్లవాడు ఉపాధ్యాయునితో నమ్మి చెప్పుకొనిన ప్రతి చిన్న మాటను ఇంటికి మోసినచో వాడు మఱెన్నడును నోరు విప్పడు. పక్క పిల్లవానితో తగవు, తరగతిలో నిదుర, వ్రాయని యొక లెక్క - ఇవి తరగతిలోనే తీఱవలసినవి. కాని వరుసగా మూడు దినములు పిల్లవాడు రాకపోయినచో, నాలుగవ దినము ఉదయమునకు ఆ కబురు ఇంటికి చేరియుండవలెను. చదువు మానుట యొక్కనాడు జరుగదు. మొదట ఒక దినము, పిమ్మట మూడు దినములు, తరువాత పంట కోతల కాలము. కడకు పుస్తకములో పేరుండును, పిల్లవాడుండడు. మూడవ దినమున అడిగినవారుండిన, వాడు తిరిగి వచ్చును. మూడవ నెలలో అడిగిన, వానికి సిగ్గు అడ్డమువచ్చును.

తల్లిదండ్రులారా, మీతో నొక మనవి. బడినుండి పిలుపు వచ్చినప్పుడు మాత్రమే గాక, ఏ పిలుపును లేనప్పుడు ఒకమాఱు రండు. "మాకేమి తెలియును, అంతయు మీదే భారము" అనకుడు. మీ పిల్లవాడు ఎప్పుడు నిదురించునో, దేనికి భయపడునో, దేనికి నవ్వునో మీకు తెలిసినంత ఏ పట్టభద్రునకును తెలియదు. అది మాకు చెప్పుడు. మీకర్థముకాని మాటను మరల చెప్పుమని యడుగుడు. వినకుండ దేనిపైనను సంతకముగాని వ్రేలిముద్రగాని వేయకుడు. పొరుగింటి పిల్లవాని మార్కులతో మీ పిల్లవానిని పోల్చకుడు. రాత్రి అన్నము తినునప్పుడు "మార్కులెన్ని?" అని గాక, "ఈ దినము ఎవరెవరితో మాటలాడితివి?" అని యడిగి చూడుడు, మీరు కోరిన సంగతి దానివెంటనే వచ్చును.

బాలబాలికలారా, ఈ వ్యాసమును చదివి, ఉపాధ్యాయులును తల్లిదండ్రులును కలిసి మీపై కాపలా పెట్టుచున్నారని తలంపకుడు. మీ యమ్మగారు బడిలో కుర్చీపై కూర్చుండి మీ పంతులుగారితో మాటలాడుట మీకు గౌరవమే గాని చిన్నతనము కాదు. ఆమె కట్టిన చీర పాతదైనను, ఆమె మాట పల్లెమాటయైనను, ఆమెను మీ స్నేహితుల యెదుట "మా అమ్మ" అని చెప్పుకొనుటకు వెనుదీయకుడు. ఇంటికి పంపిన కాగితమును సంచి యడుగున దాచకుడు.

హైస్కూలు మొదటి సంవత్సరము పునాదివంటిదని అందఱును చెప్పుదురు. పునాది త్రవ్వునాడు ఇంటి యజమానిని పిలువక, గోడలు బీటలువాఱిన తరువాత పిలుచు మేస్త్రీని ఎవరైనను మెచ్చుకొందురా? రాబోవు జూన్ మాసమున మన పాఠశాలలలోని ప్రతి 6వ తరగతి పిల్లవాని తల్లికి, బడినుండి చేరు మొదటి మాట మంచిమాటయై, తన యింటి భాషలో చెప్పబడినదై, వేళకు చేరినదై యుండుగాక. అందులకు కావలసినది ధనము కాదు. రెండు కుర్చీలు, పది నిమిషములు, వినుటకు సిద్ధమైన మనస్సు మాత్రమే.